డోన్ అత్త పిజ్జా ర్యాంకులు

పోయిన వారం యర్రగుంట్లలో మా సిమెంటు ఫ్యాక్టరీ క్యాంటీనులో భోజనం చేస్తుంటే, కొత్తగా చేరిన కెమిస్టు ఒకతను "కడపలో పిజ్జా యాడ బాగుంటాది సార్?" అని అడిగాడు. నేను ఆలోచించకుండానే "తినడానికా, చూసుకోవడానికా?" అన్నాను. అతనికి అర్థం కాలేదు. పక్కన కూర్చున్న వాళ్లకూ కాలేదు. వివరించడానికి భోజన విరామం సగం పట్టింది. ఎందుకంటే ఆ ప్రశ్న నాది కాదు, డోన్ అత్తది. ఆమె పోయి ఏడాది దాటింది. ఆమె మాట నా నోట్లోంచి అంత సులువుగా వస్తుందని నేనూ అనుకోలేదు.

డోన్ అత్త మా నాన్నకు పెద్దమ్మ కూతురు, వరసకు అక్క. డోన్‌లో స్టేషనుకు పోయే దారిలో వాళ్లకు పచారీ కొట్టు ఉండేది. కొట్టు మామ చూసుకునేవాడు. అత్త సంబంధాలు చూసేది. డోన్ జంక్షన్ కావడం ఆమెకు కలిసొచ్చింది, ఏ ఊరు పోవాలన్నా ఏదో ఒక రైలు దొరికేది. సంబంధం కుదిర్చినందుకు ఆమె ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. పెళ్లిలో చీర పెడితే మాత్రం పుచ్చుకునేది, రంగు నచ్చకపోతే అక్కడికక్కడే చెప్పేది. "ఈ రంగు నాకు యాడ నప్పుతాది? మార్చి తీసుకురా పో" అని పెళ్లికూతురి తండ్రితోనే అనేది. ఆయన మార్చి తెచ్చేవాడు.

మా వ్యాపారస్తుల ఇళ్లలో ఇటీవల ఒక పద్ధతి వచ్చింది. ఇంటి దగ్గర పెళ్లిచూపులు పెట్టుకోకముందే అబ్బాయీ అమ్మాయీ ఒకసారి పిజ్జా షాపులో కలుస్తారు. దీనికి కారణాలు ఉన్నాయి. ఇంటి ముందు కారు ఆగితే వీధి మొత్తం చూస్తుంది. సంబంధం కుదరక ఇంకో కారు వస్తే, ఆ తర్వాత మరొకటి వస్తే, వీధి నోరు ఊరుకోదు, ఆ మాటలు పడాల్సింది అమ్మాయే. గుడిలో కలుద్దామంటే తెలిసినవాళ్లు తగులుతారు. హోటల్లో అయితే ఇడ్లీ వెంటనే వచ్చేస్తుంది, తినేలోపే టేబులు కోసం ఎవరో పక్కన నిలబడతారు. పిజ్జా షాపులో ఎంతసేపు కూర్చున్నా లెమ్మనేవాళ్లు లేరు. కుదరకపోతే "పిజ్జా తిననీకి పోయినాం" అంటే సరిపోతుంది. ఈ పద్ధతిని మా వైపు మొదలుపెట్టింది తానేనని అత్త చెప్పుకునేది. దాన్ని నేను ధ్రువీకరించలేను. కానీ ఏ షాపు దేనికి పనికొస్తుందో ఆమె అంత పరీక్షగా చూసినవాళ్లు ఇంకొకరు లేరని మాత్రం చెప్పగలను.

ఆమె పిజ్జా తినేది కాదు. మొదట్లో ఒకసారి కొరికి చూసి, "ఉప్పు లేదు, కారం లేదు, ఊరికే సాగుతాది" అని పక్కన పెట్టేసిందట. పిజ్జాతో ఇచ్చే చిన్న చిన్న మిరపగింజల పొట్లాలు, ఆకుపొడి పొట్లాలు మాత్రం వదిలేది కాదు. పర్సులో వేసుకుని డోన్ తీసుకుపోయి, బొరుగులతో చేసే ఉగ్గాని మీద చల్లేది. వాళ్లింట్లో ఉగ్గాని తిన్న బంధువులందరికీ ఆ ఆకుపొడి వాసన తెలుసు. అదేం ఆకో ఎవరూ అడగలేదు, కరివేపాకులో ఏదో రకం అనుకున్నారు.

నాకు తినే వాటికి మార్కులు వేసే అలవాటు ఉంది. అప్పట్లో నేను బేతంచెర్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేసేవాణ్ణి. కర్నూలులో ఇంటికి వచ్చినప్పుడల్లా ఏదో ఒక పిజ్జా షాపుకు పోయి, తిరిగి వచ్చి ల్యాప్‌టాప్‌లో పట్టికలో నింపేవాణ్ణి. అందులో నాలుగు కంపెనీలు ఉండేవి. మూడు దేశమంతా షాపులున్నవి, ఒకటి మన సీమలోనే నాలుగైదు ఊళ్లలో ఉన్నది. బేస్ కాలిన తీరు, సాస్ పులుపు, చీజ్, టాపింగ్స్ సమంగా పరవడం, టేబులు మీదికి వచ్చేసరికి ఎంత వేడిగా ఉంది, ఇవీ నా కొలతలు. మొదటి స్థానం కొత్త బస్టాండు దగ్గరి షాపుది. దాని బేస్ అంచు కరకరలాడుతుంది, మధ్యలో మెత్తగా ఉంటుంది. అది ఊరికే రాదు, పొయ్యి వేడి పైనా కిందా సమానంగా ఉండాలి. చివరి స్థానం మన సీమ కంపెనీది. అందులో క్యాప్సికం ముక్కలు బొటనవేలంత ఉంటాయి, బేస్ మధ్యలో పచ్చి వదలదు.

ఒకరోజు మా ఇంటికి వచ్చిన అత్త ఆ పట్టిక చూసింది.

"ఏమిరా అది? ఎవరి జాతకం?"

"జాతకం కాదత్తా. పిజ్జా షాపుల ర్యాంకులు."

అద్దాలు పెట్టుకుని దగ్గరికి వంగింది. "చీజ్‌కు ఇరవై మార్కులా? మరి కుర్చీకి ఎన్ని?"

"కుర్చీకి మార్కుల్లేవత్తా."

"కుర్చీకి లేవా? మరి నిలబడి తింటాండావా?" అంది. తర్వాత నన్ను లేపి తాను కూర్చుంది. "నువ్వు తిననీకి చూస్తాండావు. నేను చూసుకోనీకి చూస్తాండా. నీ లెక్క వేరే, నా లెక్క వేరే."

ఆ సాయంత్రం ఆమె తన లెక్క చెప్పింది. నేలకు బిగించిన కుర్చీలున్న షాపు ఆమెకు పనికిరాదు. కుర్చీ కదిలితే మనిషి ముందుకు జరుగుతున్నాడా వెనక్కి జరుగుతున్నాడా తెలుస్తుంది, బిగించిన కుర్చీలో రాజు కూర్చున్నా బంటు కూర్చున్నా ఒకటే అని ఆమె వాదన. ఏసీ గాలి నేరుగా తగిలే టేబులు పనికిరాదు, అమ్మాయి చున్నీ సర్దుకోవడంతోనే సరిపోతుంది. కత్తీ ఫోర్కూ పెట్టే షాపు పనికిరాదు. "పల్లె పిల్లగాడు ఆ కత్తిని చూసుకుంటా కూర్చుంటాడు, పిల్లను యాడ చూస్తాడు?" పెద్దవాళ్లు కూర్చునే టేబులు నుంచి వాళ్లిద్దరూ కనిపించాలి, కానీ మాటలు వినిపించకూడదు. పాటలు మరీ గట్టిగా ఉండకూడదు, అసలు లేకుండానూ ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, పిజ్జా తొందరగా రాకూడదు.

కర్నూలులో ఒక షాపుకు ఆమెతో పోయినప్పుడు కౌంటరులోని అమ్మాయి "పది నిమిషాల్లో ఇచ్చేస్తామమ్మా" అని గర్వంగా చెప్పింది. అత్త ముఖం చిన్నబోయింది.

"పది నిమిషాలేనా? ఇంకొంచెం ఆలస్యం చెయ్యలేరా తల్లీ?"

"లేదమ్మా, ఆలస్యమైతే మాకు కంప్లెయింట్ వస్తుంది."

"రానీలే. నేను రాసిస్తా, ఆలస్యమైనందుకు సంతోషమని."

ఆ అమ్మాయి మేనేజరును పిలిచింది. మేము బయటికి వచ్చేశాం.

నా సంబంధాల సంగతికి వస్తే, అప్పటికి రెండు కుదరలేదు. రెండు సార్లూ షాపు ఎంచుకున్నది నేనే, నా పట్టికలో మొదటిదీ రెండోదీ. మొదటి అమ్మాయి వాళ్లు ఏమీ చెప్పకుండా ఊరుకున్నారు. నంద్యాల అమ్మాయి మాత్రం అత్తతో ఉన్నదున్నట్టు చెప్పింది. అత్త మా ఇంటికి వచ్చి, అమ్మా నాన్నా ఇద్దరి ముందే, ఆ అమ్మాయి మాటలు వార్తలు చదివినట్టు చదివింది. "అబ్బాయి మంచోడే ఆంటీ. పిజ్జా వచ్చినంక పొయ్యి గురించి చెప్పినాడు. చీజ్ సాగడం గురించి చెప్పినాడు. ముక్కను తిరగేసి అడుగు చూపించినాడు. నా పేరు ఒకసారి అడిగినాడు, మర్చిపోయి మళ్లీ అడిగినాడు."

అమ్మ నా వైపు చూసింది. నాన్న చూడలేదు. "ఇంక చాలు అక్కా. ఇంకొక్కసారి చూడు. కాకపోతే ఆదోనిలో మనకు సరుకు పంపే ఆయన కూతురు ఉండనే ఉండాది. ఆయనకు మాటిచ్చేస్తా. వీడు ఎవరితోనూ మాట్లాడే పని లేదు, తాళి కడితే సరిపోతాది" అన్నాడు. నాన్న మాట ఇస్తే వెనక్కి తీసుకునే మనిషి కాదు. ఆ సరుకు పంపే ఆయన కూతురిని నేను చూడలేదు. ఆమె నన్ను చూడలేదు. చూసే అవసరం ఉందని నాన్నకు గానీ ఆయనకు గానీ తోచినట్టు లేదు.

మూడో సంబంధం కడప అమ్మాయి. ఒక ల్యాబులో మైక్రోబయాలజిస్టు. వాళ్లు కడపలోనే కలుద్దామన్నారు. కడప షాపులు అత్తకు తెలియవు. అందుకని అనుకున్న రోజుకు ముందు ఆదివారం నన్ను వెంటబెట్టుకుని కర్నూలులో కడప బస్సెక్కింది. ఆళ్లగడ్డ దాటాక అడిగాను, "అత్తా, నీకు ఈ పిచ్చి ఎట్ల పట్టింది?" అని.

"పిచ్చి కాదురా. మీ మామ గొంతు నేను విన్నది పెళ్లయిన మూడో దినం. 'నీళ్లు' అన్నాడు. గొంతు బాగానే ఉండాది అనుకున్నా." ఒళ్లోని సంచి సర్దుకుంది. "నలభై ఏండ్లయింది. ఇప్పటికీ అంతకన్నా పెద్దగా ఏం మాట్లాడలేదు. మంచోడే."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. మైదుకూరులో దిగి టీ తాగాం. మళ్లీ ఆ మాట రాలేదు.

కడపలో నాలుగు షాపులూ తిరిగాం. నేను తిన్నాను, ఆమె కుర్చీల్లో కూర్చుంది. ప్రతి షాపులో కనీసం మూడు టేబుళ్లు మారేది. లేచి, కూర్చుని, కుర్చీని వెనక్కి జరిపి, అది కీచుమంటే తల అడ్డంగా ఊపేది. గోడకున్న అద్దాల్లో ఏ టేబులు కనిపిస్తుందో చూసేది. ఎవరైనా వచ్చి "ఏం కావాలమ్మా?" అంటే "చూస్తాండాలేప్పా" అనేది, బట్టల షాపులో అన్నట్టు. సాయంత్రానికి నాలుగింటినీ నా పట్టికలో చేర్చాను. మొదటిది ఏడు రోడ్ల కూడలి దగ్గరిది. అది కర్నూలు బస్టాండు షాపుతో సమానం, అంచు ఇంకా బాగుంది. కుర్చీలు కదులుతాయి, ఏసీ దూరంగా ఉంది, కత్తులు లేవు. అత్త లెక్కలో కూడా అది నెగ్గుతుందని నాకు నమ్మకం.

"అది వద్దు" అంది. "ఆ కొసన ఉండేది బుక్ చెయ్యి."

ఆ కొసన ఉన్నది మన సీమ కంపెనీ కడప షాపు. నా పట్టికలో ఆఖరుది.

"అత్తా, అక్కడ బేస్ పచ్చిగా ఉంది. సాస్ కాదు అది, సీసాలో అమ్మే టమాటా సాస్. క్యాప్సికం చూశావా?"

"చూసినా."

"ఏసీ కూడా సరిగ్గా లేదు. నీ లెక్కలో కూడా అది మొదటిది కాదు కదా."

"నా లెక్క అందరికీ. నీకు వేరే లెక్క." చేతిలో సంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. "బాగుండే పిజ్జా పెడితే నువ్వు పిజ్జాను చూస్తావు. చెప్పేదానికి ఏమీ లేని పిజ్జా పెడితే, ఇంక యాడ చూస్తావు? ఎదురుగా ఉండే పిల్లనే చూడల్ల."

అక్కడే ఫోన్ తీసి బుక్ చేశాను.

వారం తర్వాత అదే షాపులో కలిశాం. పెద్దవాళ్లు ఒక మూల పొడవాటి టేబులు దగ్గర కూర్చున్నారు. మా అమ్మా నాన్నా, అమ్మాయి తల్లిదండ్రులు, అత్త. ఎవరూ వెనక్కి తిరిగి చూడకూడదని అత్త ముందే చెప్పింది. తాను అద్దం ఎదురుగా కూర్చుంది, కాబట్టి ఆమెకు తిరిగే అవసరం లేదు. మా నాన్న మాత్రం ఏదో ఒక వంకతో తిరిగేవాడు. తిరిగినప్పుడల్లా "తమ్ముడూ, మెడ పట్టుకుంటాది" అని అత్త అనడం నాకు పెదాల కదలికతోనే తెలిసింది.

మాకు పిజ్జా చాలాసేపటికి వచ్చింది. పేపర్ ప్లేట్లు పెట్టి, డబ్బా తెరిచి వెళ్లిపోయారు. నేను ఒక ముక్క తీసుకుని కొరికాను. మధ్యలో పిండి పంటికి అంటుకుంది. ఏమీ అనలేదు.

ఆ అమ్మాయి నన్నే చూస్తోంది. "ఏమన్నా చెప్పాలని ఉందా మీకు?"

"దేని గురించి?"

"పిజ్జా గురించి. డోన్ ఆంటీ మీ గురించి అంతా చెప్పింది."

"ఉంది. కానీ పెద్దగా ఏం లేదు. ఒక్క మాటలో అయిపోతుంది."

"చెప్పండి మరి."

"పచ్చిగా ఉంది."

గట్టిగా నవ్వింది. పెద్దవాళ్ల టేబులు దగ్గర మా నాన్న మళ్లీ తిరిగాడు. ఆ అమ్మాయి తన చేతిలోని ముక్కను ప్లేట్లో పెట్టి, టిష్యూతో వేళ్లు తుడుచుకుంది.

"అయితే దీన్ని పక్కన పెడదాం. నాది కూడా ఒక్క మాటే. నేను ఉద్యోగం మానను. కడప వదలను. మా ల్యాబులో కొత్త సెక్షన్ పెడతాండారు, అది నాకు ఇస్తామన్నారు. మీవాళ్లు మొదట అడిగేది ఇదే. వాళ్లు అడగకముందే మీరేమంటారో నాకు తెలియాల."

నేను అలవాటు కొద్దీ వేళ్లు మడిచాను. ఒకటి, యర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి, నేను అక్కడ ప్రయత్నించవచ్చు. రెండు, అది దొరికేదాకా వారం వారం నేనే కడపకు రావచ్చు. మూడు, ఆమె కర్నూలులో ల్యాబు చూసుకోవచ్చు.

"మూడోది తీసెయ్యండి" అంది.

తీసేశాను.

"యర్రగుంట్లలో దొరకకపోతే?"

"దొరుకుతుంది."

"దొరకకపోతే అంటాండా."

"వారం వారం వస్తాను."

"ఎన్నాళ్లు?"

నాకు తెలియదు. దేన్నయినా కొలిచి అంకె చెప్పడమే నా ఉద్యోగం. ఆ ప్రశ్నకు మాత్రం ఎంత వెతికినా అంకె దొరకలేదు. "తెలియదు" అన్నాను.

కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఆరు నెలలు అనింటే లేచిపోయేదాన్ని. ఆరు నెలలని చెప్పేవాళ్లను ఇద్దరిని చూసినా ఇంతకుముందు."

తర్వాత ఏం మాట్లాడుకున్నామో అంతా ఇక్కడ రాయను. వాళ్ల నాన్నకు గుండె ఆపరేషన్ అయిన సంగతి, ఆమె కడప వదలకపోవడానికి అది కూడా కారణమన్న సంగతి అప్పుడే తెలిశాయి. మా నాన్నకు ఎదురు చెప్పడం నాకు ఎంతవరకు చేతనవుతుందో అడిగింది. ఇప్పటిదాకా చెప్పలేదన్నాను. "ఈరోజు చెప్పాల్సి వస్తాది" అంది. బయట ఎండ తగ్గి షాపులో లైట్లు వేశారు. పిజ్జా వైపు మేమిద్దరం మళ్లీ చూడలేదు.

అప్పుడు అత్త లేచి మా టేబులు దగ్గరికి వచ్చింది. మా ముఖాలు చూడలేదు, ఏమీ అడగలేదు. డబ్బాలోకి వంగి, చూపుడువేలితో చీజ్ మీద నొక్కింది. అది గట్టిపడిపోయి ఉంది. ఇంకో ముక్క మీద కూడా నొక్కి చూసింది. పెరుగు తోడుకుందో లేదో చూసే ముఖంతో.

"చల్లగా ఉండాది" అని పెద్దవాళ్ల వైపు తిరిగింది. "ముహూర్తం చూడండి ఇంక."

నాన్న లేచి వచ్చాడు. వెనకే మిగతావాళ్లు. "అదేందక్కా అట్లంటే? అమ్మాయి ఉద్యోగం సంగతి ఏం తేలింది? కర్నూలుకు వస్తాదా, రాదా? అది మనం కూర్చుని మాట్లాడుకోవల్ల కదా."

నేను నోరు తెరిచాను. "నాన్నా, ఆమె రాదు. నేనే ఇటు వస్తాను" అన్నాను. గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. అమ్మాయి వాళ్ల నాన్న కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. నాన్న ముఖం ఎర్రబడింది. "ఎవరితో మాట్లాడి తేల్చినావు?" అన్నాడు.

అత్త మా ఇద్దరి మధ్యకు వచ్చింది. "ఆ పిల్లతో మాట్లాడి తేల్చినాడు. పిజ్జా రాయి అయ్యేదాకా మాట్లాడుకున్నారు ఇద్దరూ. నీ పెళ్లికి ముందు నువ్వు నా మరదలితో ఎంతసేపు మాట్లాడినావప్పా?"

జవాబు అమ్మ చెప్పింది. "మాట్లాడలేదు వదినా. మా నాయనతో మాట్లాడినాడు, సిమెంటు రేకుల ధర గురించి."

ముందు నవ్వింది అమ్మాయి వాళ్ల అమ్మ. తర్వాత వాళ్ల నాన్న. మా నాన్న నవ్వలేదు గానీ కూర్చున్నాడు. కూర్చున్నాడంటే ఆ మాటకు ఇక అడ్డు లేదని మా ఇంట్లో అందరికీ తెలుసు. పంచాంగం ఎవరి దగ్గర ఉంది, ఆషాఢం ఎప్పుడు పోతుంది అనే మాటలు మొదలయ్యాయి. ఆదోని ఆయన ప్రస్తావన ఆ రోజు రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

అందరం బయటికి వస్తుంటే కౌంటరులో ఉన్న యజమాని లేచి నిలబడి, వినయంగా అడిగాడు. "ఎట్లుండాది సార్ పిజ్జా? ఏమన్నా లోపముంటే చెప్పండి, సరిచేసుకుంటాం." మనిషి నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాడు. నేను ఆగాను. పొయ్యి కింది వేడి చాలడం లేదు, క్యాప్సికం సన్నగా తరగాలి, సాస్ మార్చాలి, అన్నీ వరసగా నోటి చివర ఉన్నాయి.

అత్త నా మోచేయి పట్టుకుని పక్కకు లాగింది.

"శానా బాగుండాదప్పా" అంది ఆయనతో. "ఎవరేం చెప్పినా వినొద్దు. ఇట్లనే చెయ్యి."